వెదురు స్టారు, సరుగుడు కొమ్మ, నరసాపురం లేసు: క్రిస్మస్‌కి హాలూ గుమ్మమూ పాతకాలపు పద్ధతిలో

హాల్లో పాతకాలపు కళ రావాలంటే ముందు ట్యూబులైటు ఆపాలి. ఇత్తడి సామాను ఎంత తోమినా, గోడకి ఎన్ని పాత ఫోటోలు తగిలించినా, పైనుంచి తెల్లటి వెలుగు పడుతుంటే అవన్నీ పాత సామాన్ల కొట్లో పేర్చినట్టే ఉంటాయి. వెలుగు పసుప్పచ్చగా ఉండాలి, తక్కువగా ఉండాలి, కిందనుంచీ పక్కలనుంచీ రావాలి. ఎల్ఈడీ బల్బు డబ్బా మీద 2700 కె అని ఉంటే ఆ పసుపు వెలుగు వస్తుంది. 6500 కె అని ఉంటే అది ట్యూబులైటు తెలుపే. మామూలు హాలుకి 5 వాట్ల పసుపు బల్బులు మూడు చాలు: ఒకటి చెట్టు వెనక, ఒకటి మూల బల్ల మీద, ఒకటి గుమ్మం పక్కన. వాటికి ఒకటో రెండో సీరియల్ సెట్లు తోడు.

రెండో సంగతి, సామాను. పాతగా కనిపించేలా రంగు గీకి అమ్మే కొత్త వస్తువుల జోలికి పోనక్కర్లేదు. కోస్తా జిల్లాల్లో క్రిస్మస్ ముస్తాబు ఎప్పటినుంచో వెదురు, గాలిపటం కాగితం, సరుగుడు, లేసు, ఇత్తడి, మట్టి బొమ్మలతోనే నడిచింది. గుంటూరులో లూథరన్ మిషన్ మొదలైంది 1842లో. అంటే ఈ ప్రాంతంలో ఎన్నో తరాల క్రిస్మస్ సామాను పెట్టెల్లో, అటకల మీద ఉండి ఉంటుంది. ముందు అవి దింపండి. రంగులు నాలుగే పెట్టుకోండి: ముదురు ఎరుపు, సరుగుడు ఆకుపచ్చ, ఇత్తడి పసుపు, లేసు తెలుపు. నీలం, గులాబీ మెరుపు తోరణాలు వచ్చి కలిశాయంటే పాతదనం పోతుంది.

గుమ్మానికి స్టారు

బయటినుంచి వచ్చేవాళ్లకి మొదట కనిపించేది ఇదే కాబట్టి ఎక్కువ శ్రమ దీని మీదే పెట్టండి. బజార్లో మడిచి అమ్మే అట్ట స్టార్లు ఒక మంచుకే మెత్తబడతాయి. వెదురు చట్రం ఒకసారి కడితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఏటా కాగితం మార్చుకుంటే సరిపోతుంది.

36 అంగుళాల వెదురు బద్దలు పది కావాలి. అర అంగుళం వెడల్పు, మందం పావు అంగుళం మించకూడదు. ఎండిన వెదురైతే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి, లేకపోతే వంచేటప్పుడు పగులుతుంది. ప్రతి బద్ద మీదా రెండు చివరల నుంచి 13¾ అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి, మధ్యలో 8½ అంగుళాలు మిగులుతుంది. ఐదు బద్దల్ని నక్షత్రంలా పేర్చినప్పుడు అవి ఒకదాన్నొకటి దాటాల్సిన చోట్లు సరిగ్గా ఆ గుర్తులే. స్టారు వంకరగా వచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే: గుర్తులు పెట్టకుండా కంటి అంచనాతో కట్టడం. ముందు ఐదు కొసలూ కట్టి, తర్వాత దాటే చోట్లు కట్టండి. ఇలాంటివి రెండు తయారుచేయాలి.

ఆ రెండు నక్షత్రాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు కలిపి కట్టేయండి. ఇప్పుడు లోపలి ఐదు దాటుడు చోట్లలో, రెండు చట్రాల మధ్య 8 అంగుళాల పుల్లలు ఐదు నిలబెట్టండి. పుల్ల చివర్లు రెండు వైపులా చిన్నగా చీల్చి ఉంటే బద్ద అందులో కూర్చుంటుంది, జారదు. దాంతో స్టారు మధ్యలో ఉబ్బుతుంది. చాలామంది ఈ పుల్లలు 5 అంగుళాలే పెడతారు. అప్పుడు బల్బు కాగితానికి మరీ దగ్గరై, మధ్యలో ఒక తెల్ల మచ్చలా వెలుగుతుంది, కొసలు చీకటిగా మిగులుతాయి. 8 అంగుళాలుంటే బల్బుకి రెండు వైపులా రెండున్నర అంగుళాల పైనే ఖాళీ ఉంటుంది, వెలుగు కొసల దాకా పోతుంది. కట్టడానికి పురికొస వాడండి. బైండింగ్ వైరు తుప్పు పడుతుంది, కాగితాన్ని కోస్తుంది.

కాగితం 20×30 అంగుళాల గాలిపటం షీట్లు ఆరు, చిరుగులకి ఒకటి అదనం. ముందువైపు ఐదు త్రిభుజాలు, మధ్యలో ఐదు మూలల ముక్క, వెనకవైపు అన్నే, పక్కలకి పది సన్నటి త్రిభుజాలు. మొత్తం ఇరవై రెండు ముక్కలు. వెనకవైపు మధ్య ముక్కని మాత్రం పైఅంచు ఒక్కటే అతికించి తలుపులా వదిలేయండి, బల్బు పెట్టేది అందులోంచే. ప్రతి ముక్కకీ చుట్టూ అర అంగుళం మడత ఎక్కువ కత్తిరించాలి. తెల్ల కాగితం వాడి, కొసలకి మాత్రం ఎరుపు వేస్తే పాత బంగళాల వరండాల్లో కట్టే స్టారులా ఉంటుంది. మొత్తం ఎరుపైతే వెలుగు సగం చచ్చిపోతుంది.

జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు. ఒక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల మైదా ఉండకట్టకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే తెలుపు పోయి గాజులా అవుతుంది. అప్పుడు దించి చల్లార్చండి. బొద్దింకలూ వెండి పురుగులూ మైదాని వదలవు. అందుకే పాత బైండింగు షాపుల్లో అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, గిన్నె వేరే పెట్టాలి, పిల్లలకి అందకూడదు. జిగురు పల్చగా రాయండి. మందంగా రాస్తే ఆరేటప్పుడు కాగితం ముడతలు పడుతుంది. పూర్తిగా ఆరాక తెల్ల ముక్కల మీద నీళ్లు మంచులా సన్నగా చల్లి మళ్లీ ఆరనిస్తే కాగితం బిగుసుకుని డప్పు చర్మంలా అవుతుంది. రంగు కాగితం మీద మాత్రం నీళ్లు వద్దు, రంగు కారుతుంది.

బల్బు 5 వాట్ల ఎల్ఈడీ ఒకటే. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు కాగితం మధ్య పెట్టకూడదు, ఆ వేడికి కాగితం ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత అంటుకుంటుంది. ఎల్ఈడీకి కూడా గాలి కావాలి. పైన పక్క ముక్కలో ఒకటి, కింద ఒకటి, అంగుళం చీలిక వదలండి. సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో స్టారు గిరగిరా తిరిగి వైరు మెలికపడి తెగుతుంది. పై కొసకి తాడు, కింది కొసల్లో ఒకదానికి సన్న పురికొస కట్టి కటకటాలకి బిగించేయండి. బరువు తాడు మీద పడాలి, వైరు మీద కాదు. హోల్డరు వైరుకి స్టారుని వేలాడదీయడం అందరూ చేసే పొరపాటు.

ఎప్పుడు కట్టాలి? డిసెంబరు 1 నుంచే వీధుల్లో స్టార్లు వెలుగుతాయి, సెమీ క్రిస్మస్ కూటాలు కూడా అప్పుడే మొదలవుతాయి. కానీ కోస్తాలో డిసెంబరు మొదటి వారం వాన నమ్మకం లేదు. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. వరండా కప్పు లోపలికి కనీసం రెండడుగులు జరిపి కట్టండి. ప్లగ్గు ఇంటి లోపలే ఉండాలి, ఆ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉంటే ఇంకా నిశ్చింత.

గడప దగ్గర

తలుపుకి సరుగుడు రెమ్మల చక్రం బాగుంటుంది. 14 అంగుళాల వెదురు లేదా బెత్తం చక్రం, 24 గేజి రాగి తీగ, ఆరంగుళాల రెమ్మలు మూడేసి కలిపిన కట్టలు ముప్పై. ఒక్కో కట్ట మొదలు మీద తర్వాతి కట్ట తల వచ్చేలా, అన్నీ ఒకే దిక్కుకి, ఒకటిన్నర అంగుళానికి ఒకటి చొప్పున చుట్టుకుంటూ పోవాలి. తీగ మధ్యలో తెంచవద్దు. రెమ్మలు రెండు రోజుల్లో కాస్త ఎండి సన్నబడతాయి, అప్పుడు వదులుగా కట్టినవి ఊడి పడతాయి. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే తీగ గట్టిగా లాగాలి. సరుగుడు కాయలు, నాలుగు ఎర్ర చామంతులు, ఒక పాత ఇత్తడి గంట చాలు. చామంతులు మూడో రోజుకి మార్చండి.

ముగ్గు వేసే ఇళ్లలో గచ్చు నేలైతే మామూలు ముగ్గుపిండే. నున్నటి టైల్స్ మీద పొడి నిలవదు, అడుగుల వెంట హాల్లోకి వస్తుంది. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, అందులో చెంచాడు తెల్ల జిగురు కలిపి కుంచెతో నక్షత్రం గీస్తే పండగ అయ్యేదాకా ఉంటుంది, తర్వాత వేడినీళ్లతో పోతుంది.

గుమ్మంలో సామాను ఎక్కువ పెట్టకండి. అర్ధరాత్రి క్యారల్స్ బృందం డోలకుతో సహా వచ్చి నిలబడుతుంది, మూడడుగుల దారి ఖాళీగా ఉండాలి. ఒక పక్క ట్రంకు పెట్టె, దాని మీద హరికేన్ లాంతరు, పక్కన ఎర్రాకుల పాయిన్‌సెట్టియా కుండీ ఉంటే గుమ్మం నిండినట్టే. లాంతర్లో కిరసనాయిలు పోయనక్కర్లేదు, రాగి తీగ ఎల్ఈడీ దండ ఒకటి చిమ్నీలో చుట్టి పెట్టండి. పండగయ్యాక బ్యాటరీలు తీసేయడం మరవద్దు, లోపలే ఉంటే కారి డబ్బా పాడవుతుంది. పాయిన్‌సెట్టియా కడియం నర్సరీల్లో కొంటే డిసెంబరులో ఎర్రబడ్డ మొక్కనే కొనండి, ఇంకా పచ్చగా ఉన్నది పండక్కి ఎర్రబడుతుందని కొనవద్దు. వారాల తరబడి రోజుకి పద్నాలుగు గంటల చీకటి దొరికితేనే దాని ఆకులు ఎర్రబడతాయి. వీధిదీపం పడే చోట ఉన్న మొక్క పచ్చగానే ఉండిపోయేది అందుకే. కొమ్మ తుంచితే పాలు కారతాయి, చర్మానికి దురద పెడతాయి.

చెట్టు

చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు సరుగుడు బాదులు కొట్టాక మిగిలే పై కొమ్మలు క్రిస్మస్ చెట్టుకి సరిగ్గా సరిపోతాయి. ఐదున్నర అడుగుల కొమ్మ చూసుకోండి. డిసెంబరు 15కి ముందు తేవద్దు, నీళ్లలో ఉన్నా పది పన్నెండు రోజుల తర్వాత సన్నటి ఆకు కణుపు కణుపుగా విరిగి రాలుతుంది. ఇంటికి తెచ్చాక మొదలు అంగుళం ఏటవాలుగా మళ్లీ కోసి, వెంటనే నీళ్లలో పెట్టాలి. బయట కాసేపు దులపండి, చీమలుంటాయి.

దీన్ని ఇత్తడి గంగాళంలో నిలబెడితే అందమే వేరు. కానీ తడి ఇసుక నేరుగా గంగాళంలో పోయకూడదు. సముద్రపు ఇసుక అయితే మరీ ప్రమాదం, ఆ ఉప్పుకి వారంలో ఇత్తడి లోపలంతా పచ్చటి చిలుము పడుతుంది. లోపల 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ దించి, అడుగున రెండు ఇటుకలు, మధ్యలో కొమ్మ, చుట్టూ ఏటి ఇసుక దట్టించి, పైదాకా నీళ్లు పోయండి. మొదటి మూడు రోజులు నీళ్లు బాగా తాగుతుంది, రోజూ చూసి పోయాలి. కొమ్మ ఒక పక్కకి బరువుగా ఉంటుంది కాబట్టి ఆ పక్కని గోడవైపు తిప్పి, కిటికీ చువ్వకి సన్న తాడుతో కట్టేయండి.

సరుగుడు ఆకు మెత్తన. కొసలకి బరువు వేలాడదీస్తే కిందికి వాలిపోతుంది. గాజు బంతుల్ని కొమ్మ గట్టిగా ఉన్న చోట, లోపలి వైపు కట్టండి. కొసలకి కాగితం నక్షత్రాలు, దూది చాలు. ఏటికొప్పాక లక్క బొమ్మల్లో చిన్న బొంగరాలు, గంటలు ఉంటాయి. అంకుడు కర్ర తేలిక కాబట్టి వాటికి పైన చిన్న కొక్కెం మరబిగించి తగిలిస్తే సరుగుడు మోస్తుంది. లక్క వేడికి మెత్తబడుతుంది, ఫిలమెంటు బల్బుకి దూరంగా ఉంచాలి. చెట్టుకి మైనపు వత్తులు వద్దే వద్దు, ఎండిన సరుగుడు క్షణంలో మండుతుంది. హైదరాబాదులో సరుగుడు దొరక్కపోతే నర్సరీల్లో కుండీ అరకేరియా ఉంటుంది. దాని కొమ్మలు ఇంకా నాజూకు, కాగితం సామానే కట్టాలి.

పాత గాజు బంతులు ఇంట్లో ఉంటే నీళ్లతో కడగకండి. జర్మనీలోని లౌషాలో 19వ శతాబ్దంలో మొదలైన పద్ధతిలోనే ఇవి తయారయ్యాయి: పల్చటి గాజు బుడగ, లోపల వెండి పూత, బయట రంగు. ఆ రంగు తడిగుడ్డకి లేచి వస్తుంది. లోపలి వెండి తేమకి నల్లబడుతుంది. మెత్తటి నీటిరంగుల కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పైన టోపీ పీకేటప్పుడు తీగ కాళ్లు రెండూ వేళ్లతో దగ్గరికి నొక్కి, నిదానంగా తీయాలి. ఒక్కసారి లాగితే మెడ దగ్గర గాజు పగులుతుంది.

పాత సీరియల్ సెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 6 వోల్టుల బల్బులు సుమారు 38 వరసగా కలిపితే 230 వోల్టులు పంచుకుంటాయి. ఒకటి పోతే మొత్తం ఆరిపోయేది అందుకే. పోయిన బల్బు తీసేసి రెండు వైర్లూ కలిపేస్తే సెట్ వెలుగుతుంది, కానీ మిగిలినవాటి మీద వోల్టేజీ పెరిగి ఇంకా త్వరగా మాడతాయి, నాలుగైదు అలా కలిపితే వైరు కూడా వేడెక్కుతుంది. వైరు మీద తొడుగు పెళుసుబారిన సెట్‌ని వెలిగించకండి. దాని రంగు ప్లాస్టిక్ పూల టోపీలు తీసి కొత్త పసుపు ఎల్ఈడీ సెట్‌కి తొడిగితే పాత రూపం వస్తుంది, భయమూ ఉండదు.

లేసు, కాగితం గొలుసులు, పాకా

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బల్లమీది గుడ్డలు, దిండు గలీబులు, కిటికీ అంచులు ఏవున్నా పండక్కి పది రోజుల ముందు తీయండి, ఎందుకంటే ఉతకడానికి కాదు, ఆరబెట్టడానికే సమయం పడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు పొడి కొద్దిగా వేసి రెండు గంటలు నాననిచ్చి, చేత్తో అదిమి, నీళ్లు మార్చాలి. పిండకూడదు, రుద్దకూడదు. బ్లీచింగు వేస్తే నూలు చచ్చి, మరుసటి ఏడాదికి గొలుసు కుట్లు తెగుతాయి. తువ్వాలు మీద పరిచి, ప్రతి కొసనీ లాగి తుప్పు పట్టని గుండుసూదులతో గుచ్చి ఆరనివ్వండి. ఇలా గుచ్చి ఆరబెట్టిన లేసుకి ఇస్త్రీ అక్కర్లేదు. గంజి పెట్టాలంటే పల్చగా, వాడే ముందే. గంజితో పెట్టెలో దాస్తే వెండి పురుగులు తినేస్తాయి.

లేసు అందం వెనకనుంచి వెలుగు పడినప్పుడే తెలుస్తుంది. కిటికీకి అడ్డంగా, అద్దం కింద పావు వంతు మాత్రమే వచ్చేలా కట్టి, కిటికీ గట్టు మీద సీరియల్ సెట్ పరిస్తే ఒక్కో పువ్వూ గోడమీద నీడగా పడుతుంది. లేసుకి నేరుగా మేకులు కొట్టకండి, వెనక సన్నటి పట్టీ కుట్టి, ఆ పట్టీకి మేకు కొట్టండి. పండక్కి కొత్తగా సున్నం వేసిన గోడకి వారం దాకా లేసు తగలనివ్వకూడదు.

రంగు కాగితాల గొలుసుల్ని పాత ఫోటోల్లో గది మధ్య కొక్కెం నుంచి నాలుగు మూలలకీ కడతారు. మన హాల్లో ఆ కొక్కేనికి ఫ్యాను ఉంటుంది, కోస్తాలో డిసెంబరులోనూ తిరుగుతుంది. 48 అంగుళాల ఫ్యాను రెక్క రెండడుగుల దాకా వస్తుంది, దానికి ఇంకో అడుగున్నర వదిలి, గొలుసులు గోడల వెంబడే కట్టండి. ఎర్ర ముడత కాగితం తేమకి రంగు వదిలి గోడకి మరకలు చేస్తుంది, గోడ నుంచి అంగుళం ఎడం ఉంచాలి. పాత గ్రీటింగు కార్డులుంటే ద్వారబంధం మీద దారం కట్టి, మధ్య మడత దారం మీద వచ్చేలా కూర్చోబెట్టండి. సెల్లో టేపు అంటిస్తే ఆ పసుపు మరక ఇక పోదు.

యేసు పుట్టుకని చూపించే పశువుల పాక హాల్లో తక్కువ ఎత్తు బల్ల మీద బాగుంటుంది. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి ఇటలీలోని గ్రెచ్చోలో నిజమైన ఎద్దుతో, గాడిదతో ఏర్పాటు చేసినప్పటినుంచి ఈ ఆచారం ఊపందుకుంది. పాకకి ఎండుగడ్డి కప్పు, వెనక గోనె. ఆవులు, గొర్రెలు విరిగిపోయి ఉంటే కొండపల్లి ఆవుబొమ్మ బాగా కలుస్తుంది, తెల్లపొణికి కర్ర మీద రంగులు మట్టి బొమ్మల రంగులకి దగ్గరగా ఉంటాయి. పాత మట్టి బొమ్మల్ని తడిగుడ్డతో తుడిస్తే ముఖాలు చెరిగిపోతాయి, కుంచెతోనే దులపాలి. చుట్టూ పచ్చిక కోసం డిసెంబరు 13 ప్రాంతంలో గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, అంగుళం మట్టి పరిచిన పళ్లెంలో దగ్గర దగ్గరగా చల్లండి. పండగనాటికి ఐదారు అంగుళాలు పెరుగుతాయి. నీళ్లు చిలకరించడమే, పోస్తే బూజు పడుతుంది.

బాలయేసు బొమ్మ 24 అర్ధరాత్రి దాకా పెట్టరు. ముగ్గురు జ్ఞానుల్ని మొదట గుమ్మం దగ్గర ట్రంకు పెట్టె మీద పెట్టి, రోజూ కొంచెం కొంచెం హాల్లోకి జరుపుతూ, జనవరి 6కి పాక దగ్గరికి చేర్చే పద్ధతి నాకు చాలా ఇష్టం. పిల్లలుంటే ఆ పని వాళ్లకే అప్పగించండి.

తీసి దాచేటప్పుడు

గాజు బంతులు ఒక్కోటి తెల్లటి పల్చ కాగితంలో చుట్టి, గుడ్ల అట్టల్లో పెట్టి, అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. థర్మోకోల్ సామాను ఉన్న పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేయకూడదు, ఆ ఆవిరికి థర్మోకోల్ కరిగి బంతులకి అంటుకుంటుంది. ఎండిన వేపాకు మేలు. లేసు గంజి పోయేలా ఉతికి, మడవకుండా అట్ట గొట్టానికి చుట్టండి, మడత పడిన చోటే నూలు ముందు తెగుతుంది. స్టారు కాగితం చించేసి, బద్దలకి అంటిన మైదా తడిగుడ్డతో తుడిచి, ఒక రోజు ఎండలో పెట్టి అటకెక్కించండి. లోపలి ఐదు పుల్లలు తీసేస్తే చట్రం చదునుగా పడి గోడవారన ఇముడుతుంది. ఆ పుల్లలు పోకుండా చట్రానికే పురికొసతో కట్టి ఉంచండి.